పోటు

చేపల మార్కెట్ గోడకి ఆటుపోట్ల పట్టిక వేలాడుతుంటుంది.
ఏ రోజు, ఏ గంటకి, సముద్రం ఎంత దూరం వెనక్కి పోతుందో
ఏడాది ముందే అచ్చేసి పెడతారు.
ఇరవై ఆరేళ్లు దాని ప్రకారమే లేచాను,
గలీసియా తీరపు బురదలోకి దిగి
నడుం వంచి ఆల్చిప్పలు ఏరాను.

నా ఒంట్లో పోటుకి పట్టిక లేదు.
అది చంద్రుణ్ణి చూసి రాదు.
ఉత్తరాలు పంచే బెనీతో మోటారుసైకిలు చప్పుడు విని వస్తుంది.

ఫైబ్రోమయాల్జియా అని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది.
అమారో రెండుసార్లు చదివి, మడిచి,
కరెంటు బిల్లుల్లో పెట్టాడు.
ఆర్నెల్లుగా సెలవు.

గురువారం బెనీతో సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు.
నేను విప్పకముందే నా మెడ చదివేసింది.
ఎడమ భుజం కుడి భుజానికి చెప్పింది,
అది నడుముకి, నడుము మోకాళ్లకి,
చావు కబురు పాకినట్టు
సాయంత్రానికి అరికాళ్ల దాకా తెలిసిపోయింది.
కవరు మాత్రం మూడు రోజులు
రొట్టెల డబ్బా కింద అలాగే ఉంది.

విప్పితే ఉన్నది ఒకటే వాక్యం:
పనికి పనికొస్తావో రావో తేల్చడానికి
పంతొమ్మిదో తారీఖున పొంతెవేద్రలో హాజరు కావలెను.

పంతొమ్మిది దాకా నిద్ర లేదు.
నిద్ర లేక నొప్పి, నొప్పి వల్ల దిగులు, దిగులుతో నిద్ర లేదు.
ఏది ఏ తోక పట్టుకుందో తెలియని మూడు కుక్కలు
మంచం చుట్టూ.
దుప్పటి బరువు.
ఫ్రిజ్ మోత చెవికి కాదు, చర్మానికి వినిపిస్తుంది.
మా ఉషీయా వచ్చి ప్రేమగా భుజమ్మీద చెయ్యేసింది.
అరిచాను.
పిల్ల చెయ్యి కాలినట్టు తీసేసుకుంది.
ఆ మొహం గుర్తొచ్చి ఇంకో రాత్రి పోయింది.

చిత్రమేమంటే, దాని పెళ్లినాడూ ఇంతే.
బయట తిత్తి ఊదుతుంటే, అందరూ గంతులేస్తుంటే
నేను బాత్రూంలో చల్లటి గోడకి నుదురానించి నిలబడ్డాను.
ఈ ఒంటికి శుభలేఖా ఒకటే, తాఖీదూ ఒకటే.
గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటే చాలు,
దొంగలు తలుపు తట్టారనుకుని
ప్రతి కండరమూ కర్ర పట్టుకుని లేస్తుంది.

పొంతెవేద్రలో అధికారి మర్యాదస్తుడు.
ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టి చూశాడు.
"శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు, అభినందిస్తున్నట్టు.
"ఒత్తిడి పెట్టుకోకండి, మీకు మంచిది కాదు."
ఒత్తిడి ఆయన బల్లమీదే ఉంది,
నా పేరున్న ఫైలు,
దాని మీద ఆయన కాఫీ కప్పు.

ఆ రోజు నేను లిప్‌స్టిక్ వేసుకున్నాను.
"జుట్టు కూడా దువ్వుకోకుండా పోవాల్సింది పిచ్చిదానా"
అంది తర్వాత డొరిండా.
ఏడుపు మొహంతో పోతే మనసు జబ్బంటారు,
నవ్వు మొహంతో పోతే జబ్బే లేదంటారు.
ఆ మధ్యలో మొహం
ఏ కొట్లో అమ్ముతారో ఆమెకీ తెలీదు.

ఫలితం నలభై రోజుల్లో వస్తుందట.

నిన్న పెద్ద ఆటు. పని చెయ్యడానికి కాదు, చూడ్డానికి పోయి
గట్టు మీద కూర్చున్నాను.
వంగిన వీపులన్నీ పేరుపేరునా తెలుసు నాకు.
డొరిండా బురదకాళ్లతో పైకొచ్చి
పక్కనే కూర్చుంది, జానెడు దూరంలో, తగలకుండా.
ఎలా ఉన్నావని అడగలేదు.
ఫ్లాస్కు నా ఒళ్లో పెట్టి
ఆల్చిప్పల ధర పడిపోయిందని
వ్యాపారుల్ని ఏడు తరాలదాకా తిట్టింది.
నా భుజం, నాకు చెప్పకుండానే,
వేలెడు కిందకి దిగింది.

అప్పుడే రోడ్డు మీద మోటారుసైకిలు.
నేను తల తిప్పలేదు.
లోపల మెడ తిప్పేసుకుంది.
బెనీతో కాదు, ఎవరో చేపల కుర్రాడు.

అయినా ఆ వేలెడూ
మళ్లీ ఆటు వచ్చేదాకా దిగలేదు.